ఇల్లుబండీ, ఇద్దరు సాక్షులూ

పాటగాళ్లు, వాయిద్యగాళ్లు, పెట్రోలు బంకుల వాళ్లు, ఒకరిద్దరు ట్రాఫిక్ పోలీసులు సైలెన్సక్క అని పిలిచే నేను, వృత్తిరీత్యా సౌండు రికార్డిస్టును, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా తదనంతరం నా వస్తువుల కోసం ఎవరూ జుట్లు పట్టుకోకూడదన్న ఉద్దేశంతో ఇష్టపూర్వకంగా రాయించి సంతకం చేస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్వాధీనంలోనే ఉందని గుండె డాక్టరుగారు కాగితం ఇచ్చారు. గుండె చూసే డాక్టరు బుద్ధి గురించి ఎలా చెబుతాడని మా ఆయన అడిగారు. బుద్ధి ఉన్న మనిషి బండిలో ఉన్న పడగ్గదిని పీకించి పాటలగది కట్టించుకోదని ఆయన మొదటి నుంచీ ఒకే మాట మీద ఉన్నారు. ఆ బండిని ఇన్నేళ్లుగా తోలుతున్నది ఆయనే కనక ఈ ఒక్క విషయంలో ఆయన సాక్ష్యం చెల్లదు.

1. ఇంతకు ముందు నేను నోటితో రాసిన వీలునామాలన్నిటినీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ముఖ్యంగా జనరేటరు ఆగిపోయినప్పుడల్లా "నేను పోయాక ఈ డబ్బాని పాత ఇనుముకి వేసేయండి" అన్నదీ, మా ఆడపడుచు వచ్చి వెళ్లినప్పుడల్లా "నా గిన్నెలు ఎవరికీ ఇవ్వకండి" అన్నదీ చెల్లవు.

2. ఆస్తి వివరం. వకీలమ్మగారు మొదట అడిగిన ప్రశ్న, ఇది స్థిరాస్తా చరాస్తా అని. ఇల్లు కనక స్థిరం, బండి కనక చరం, బ్యాటరీ దిగిపోయిన రోజుల్లో పూర్తిగా స్థిరం. ఆవిడ కలం పక్కన పెట్టి కిటికీలోంచి బండిని చూసి, "చరం అనే రాసుకుందాంలెండి" అన్నారు. తర్వాత హద్దులు చెప్పమన్నారు. ముందు: డ్రైవరు అద్దం. వెనక: నిచ్చెన, దాని కింద జనరేటరు. కుడి: మా తమ్ముడు కట్టిన గోడ. ఎడమ: బండి ఎక్కడ ఆపితే అక్కడి ఇంటివాళ్లు. ఈ నాలుగు హద్దుల మధ్య గల ఇల్లుబండి, అందులోని స్టూడియో, మైకులు, కేబుళ్లు, కేబుళ్లలో పడ్డ చిక్కులు సహా యావత్తూ నా స్వార్జితం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లకి ఇంటికి చక్రాలు పెట్టే ఆలోచన రాలేదు కాబోలు. ఊళ్లు తిరగడం మానేసిన ఒక పళ్ల డాక్టరు దంపతుల దగ్గర ఈ మోటారుహోం కొన్నాను. పొయ్యి గట్టు ఉన్నచోట సౌండు మిక్సరు బల్ల వచ్చింది. డ్రైవరు తల మీదుండే అటక మంచం మైకులకి పోయింది. బట్టల అలమరలో ఆంప్లిఫయర్లు చేరాయి, మా బట్టలు సీటు కిందికి దిగాయి. వెనక పడగ్గది పాటలగది అయింది. గోడలు కట్టింది నా తమ్ముడు, వడ్రంగి. జీవితమంతా బీరువాలూ తలుపులూ చేసుకున్న మనిషిని నేను గదిలో గది కట్టమన్నాను. డ్రైవరు సీటు వెనక నుంచి బండి చివరిదాకా, లోపలి గోడ బయటి గోడకి ఎక్కడా తగలకూడదు, నేల రబ్బరు దిమ్మల మీద తేలాలి, బయట ఎవరు హారన్ కొట్టినా లోపల పాడేవాళ్లకి తెలియకూడదు. రెండు గోడల మధ్య ఇసుక పోస్తే చప్పుడు చస్తుందని తమ్ముడు ఎక్కడో విన్నాడు. విన్నది నిజమే, చస్తుంది. అయితే బండిని మొదటిసారి బయటికి తీసిన రోజున మలుపు దగ్గర ఒక పలక విచ్చుకుని, మా వీధి నుంచి పెద్ద రోడ్డు దాకా సన్నగా ఇసుక గీత గీసుకుంటూ వెళ్లాం. ఒక పోలీసాయన ఆ గీత పట్టుకుని నడిచి వచ్చి, "ఇసుక బండికి పరదాలెందుకమ్మా" అని అడిగారు. ఆ తర్వాత ఇసుక తీసి, చప్పుడు పీల్చుకునే రాతి ఉన్ని నింపాం. ఆ ఉన్ని దురద తమ్ముడికి వానలు పడేదాకా వదల్లేదు.

3. పెద్ద రోడ్డులో ఏసీ స్టూడియో ఉన్న పెద్దమనిషికి, చప్పుడు ఆపుతాయని నమ్మి నేను తెలియక పోగుచేసిన కోడిగుడ్ల అట్టలన్నిటినీ ఇస్తున్నాను. నా బండి చూసిన మొదటి రోజున ఆయన నలుగురిలో, "పాడాలంటే టికెట్టు తీసుకోవాలా, పాసు చూపిస్తే చాలా" అని అడిగారు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, మరిచిపోలేదు. ఆయన తన గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి, చప్పుడు ఆగిందని గట్టిగా నమ్ముతున్నారు. పక్క కొట్లోని టైలరు మిషను ఆయన చేసిన ప్రతి పాటకీ తాళం వేస్తోంది. మంచం దిగలేని ముసలాయనా, చంటిపిల్లని వదిలి రాలేని పాటల టీచరూ ఆయన మెట్లు ఎలా ఎక్కుతారని ఆయనకి తోచలేదు. ఆయన్ని అనుకుని లాభం లేదు, ఆయన స్టూడియోకి చక్రాలు లేవు. నా చెవులు మంచివని ఒకసారి నా వెనక అన్నారని తెలిసింది కనక, అట్టలతో పాటు నా పాత హెడ్‌ఫోన్లు కూడా ఇస్తున్నాను. వాటిలో ఆ టైలరు మిషను చాలా స్పష్టంగా వినపడుతుంది.

4. నా ఆడపడుచుకి బండిలోని ఫ్రిజ్జునీ, అందులో ఆవిడ వదిలివెళ్లిన డబ్బాలనీ, ఆవిడ కుక్కరునీ దఖలుపరుస్తున్నాను. రికార్డింగు మొదలయ్యే ముందు ఫ్రిజ్జు ఆపాలి, లేకపోతే దాని గురక పాటలోకి వస్తుంది. ఆపాక మళ్లీ వేయడం మరిచి పాలు విరిగిన రోజులు బోలెడు. అందుకని ఆపగానే బండి తాళంచెవి ఫ్రిజ్జులో పెట్టడం మా ఆనవాయితీ. బయల్దేరాలంటే ఫ్రిజ్జు తలుపు తీయాలి, తీస్తే స్విచ్చు గుర్తొస్తుంది. ఈ సంగతి తెలియని మా ఆడపడుచు ఒకసారి ఫ్రిజ్జు శుభ్రం చేసి, తాళంచెవి ఉన్న డబ్బాని మిగిలిన కూరలతో సహా పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. ఆ రోజంతా మాది స్థిరాస్తే.

మరోసారి, పైన చెప్పిన మంచం దిగలేని ముసలాయన ఇంటి ముందు బండి పెట్టి, కిటికీలోంచి కేబులు లాగి ఆయన జోలపాట రికార్డు చేస్తుంటే, మా ఆడపడుచు ఆయన వంటింట్లో తన కుక్కరు పెట్టింది. సరిగ్గా మెత్తగా పాడవలసిన చోట అది కూత వేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాయన మాత్రం, "మా ఆవిడ ఉన్నప్పుడు ఇంతేనమ్మా, నేను గొంతెత్తితే కుక్కరు పెట్టేది, దాన్ని ఉండనీ" అన్నారు. ఉండనిచ్చాను. నేను చేసిన వాటిల్లో జనం అడిగి మరీ వినేది ఆ కుక్కరు ఉన్న పాటే. కాబట్టి వదినా, కుక్కరు మీద నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. తాళంచెవి మీద ఫిర్యాదు అలాగే ఉంటుంది.

5. బట్టల మిల్లులో పాడుకునే ఆడవాళ్లకి, పాటలగది గోడలకి నేను వేలాడదీసిన బొంతలన్నీ ఇస్తున్నాను. మంచి బొంతలు, చలికి పనికొస్తాయి. వాళ్లకి టీ విరామంలో తప్ప తీరిక ఉండదు. మిల్లు గేటు ముందు బండి ఆపితే అందరూ ఒకేసారి ఎక్కి, ఒకరి భుజాల మీంచి ఒకరు పాడేవారు. పాడుతూ ఊగేవారు, వాళ్లతో పాటు బండి ఊగేది, బండితో పాటు స్ప్రింగులు కిర్రుమనేవి. ఊగకుండా పాడమంటే వాళ్ల నోట పాట రాలేదు. మా ఆయన మాట్లాడకుండా వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కిపట్టారు. మా తమ్ముడు మాట్లాడకుండా కిందికి దూరి చెక్కదిమ్మలు పేర్చాడు. బండి బిగుసుకుంది, పాట బాగా వచ్చింది. ఆ ఇద్దరి సంగతి తర్వాత రాస్తాను.

6. నాకు పిల్లలు లేరు. మా తమ్ముడి కూతురు, నా మేనకోడలు, ఇప్పుడు నాతో పాటు మిక్సరు ముందు కూర్చుంటోంది. ఇల్లుబండినీ స్టూడియోనీ ఆమెకి సర్వహక్కులతో రాసిస్తున్నాను. దాని చెవి నాది, మొండితనం వాళ్ల నాన్నది, ఆకలి వాళ్ల మామయ్యది. బేసు పెంచే అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, మానుకుంటే మంచిది. బండిని ఒకచోట దిమ్మెలు కట్టి నిలబెట్టి, రంగుబల్బులు వేలాడదీసి కాఫీ హోటలు చేయకూడదు. పాడేవాళ్ల ముందు గడియారం చూడకూడదు. అపస్వరం వస్తే "ఇంకోసారి చేద్దాం, మైకు సరిగ్గా పెట్టలేదు" అనాలి. మైకు మీద ఎన్ని నిందలు వేసినా అది ఏమీ అనుకోదు.

రికార్డిస్టులకి ఒక అలవాటుంది. పాట అయిపోయాక ఎవరినీ కదలనివ్వకుండా ఆ గదిలోని ఖాళీ చప్పుడుని కాసేపు రికార్డు చేసుకుంటాం. తర్వాత పాటలో ఎవరి దగ్గో కోసేయవలసి వస్తే, ఆ కంతలో అతకడానికి అది కావాలి. ఒక గది ఖాళీ ఇంకో గదికి పనికిరాదు. ఆ ఖాళీ కోసం "సైలెన్స్" అని అరిచీ అరిచీ నేను ఈ పేరు తెచ్చుకున్నాను. నా ఖాళీలన్నీ కూడా మేనకోడలికే. జాగ్రత్తగా వింటే ప్రతిదాంట్లోనూ ఇద్దరు మనుషులు వినపడతారు. ముక్కుతో ఈల వేసేది మా ఆయన. కడుపులో ఎలుకలు పరిగెత్తేది మా తమ్ముడికి. చోటు చాలక ఆ కాసేపూ ఇద్దరూ భుజాలు ఆనించుకుని నిలబడతారు. అంత చక్కగా కలిసి ఊరుకునే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. కలిసి మాట్లాడటమే వాళ్లకి చేతకాదు.

7. నా భర్తకీ నా తమ్ముడికీ ఈ వీలునామా ద్వారా ఏమీ రాదు. చదువుతున్నవాళ్లు కళ్లజోడు సర్దుకోనక్కర్లేదు, సరిగ్గానే చదివారు. చెంచా కూడా రాదు. కారణం పదో అంశంలో ఉంది. ముందు వాళ్ల తగువు చెప్పాలి.

స్టూడియో పూర్తయిన రోజున తమ్ముడు నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు వేసి, బయట ఇంజను వేయించి, హారన్ కొట్టించాడు. నాకు నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. వాడు తలుపు తీసి నా మొహం చూసి, భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. చేసిన పనుల్లో వాడికి నచ్చినది అదొక్కటే. మర్నాడు పొద్దున్నే మా ఆయన రంపం తీసుకుని డ్రైవరు సీటు వెనక గోడకి పలకంత కంత కోసేశారు. ఎందుకని అడిగితే, "అద్దంలో నువ్వు కనపడకపోతే ఖాళీ బండి తోలుతున్నట్టుంటుంది" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నోటి నుంచి నేను విన్న మంచి మాటల్లో అది మొదటిది, దాన్ని రంపం పట్టుకుని చెప్పడం ఆయనకే చెల్లింది. తమ్ముడు వచ్చి కంత చూశాడు. "నేను చేసింది బావకి పనిలా కనపడలేదన్నమాట అక్కా" అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అప్పుడు మేనకోడలికి పాలపళ్లు ఊడుతున్నాయి. ఇప్పుడది డ్రమ్ములకి మైకులు పెడుతోంది, వీళ్లు అక్కడే ఉన్నారు.

ఆ కంతలోంచి ఇంజను మోత వస్తోందని వారం తిరక్కుండా తమ్ముడే రెండు గాజుపలకలు తెచ్చి, ఒకదాన్ని కాస్త ఏటవాలుగా పెట్టి, చీమ గుసగుస కూడా దూరకుండా బిగించాడు. బావతో ఒక్క ముక్క అనలేదు. బావ కూడా బాగుందని అనలేదు. పైగా మా ఆయన కొలత తప్పి కంతని జానెడు పక్కకి కోశారు. నా బల్ల నేలకి బిగించి ఉంది కనక నేను జరగలేను. ఇన్నాళ్లూ అద్దంలో ఆయనకి కనపడింది నా ఎడమ చెవి. ఈ సంగతి తమ్ముడికి తెలుసు, మహదానందం. మా ఆయనకి తెలుసు, చచ్చినా ఒప్పుకోరు. నేను మాత్రం బండి ఎక్కిన ప్రతిసారీ ఆ చెవికి మంచి దుద్దు పెట్టుకునేదాన్ని.

8. మాటలు మోసే పని. "మీ ఆయనకి చెప్పు, గుంటల్లో నెమ్మదిగా పొమ్మని." "మీ తమ్ముడికి చెప్పు, గుంటలు నేను తవ్వలేదని." ఇద్దరూ ఒకరికొకరు వినపడే దూరంలోనే ఉంటారు, మధ్యలో నేను. మా ఆయనకి జ్వరం వస్తే తమ్ముడు మంచం పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, వంటింట్లో ఉన్న నాకు వినపడేలా "అక్కా, తలనొప్పి తగ్గిందేమో అడుగు" అని కేకేశాడు. మా ఆయన కళ్లు మూసుకునే, "తగ్గిందని చెప్పు" అన్నారు. నేను చేతులు తుడుచుకుని వచ్చి, తగ్గిందిట అని చెప్పాను.

అయితే ఒకరికి వినపడకుండా ఇంకొకరు నా చెవిలో వేసిన మాటల్ని ఉన్నవున్నట్టుగా మోయలేదు. అక్కర్లేని చప్పుళ్లు కోసేయడం నా వృత్తి. "నీ మొగుడికి కళ్లు నెత్తికెక్కాయా" అన్నది నా చేతిలో పడ్డాక "కాస్త కుడివైపు చూసుకోమంటున్నాడు" అయ్యేది. "వాడి మొహం, వాడికేం తెలుసు" అన్నది "ఇంకోసారి ఆలోచించమంటున్నారు" అయ్యేది. అందువల్ల ఇన్నేళ్లుగా ఆ ఇద్దరిలో ప్రతివాళ్లూ రెండో మనిషిని మహా మర్యాదస్థుడు అనుకుంటున్నారు. ఆ అభిప్రాయం కూడా నా స్వార్జితమే.

ఈ పనిని నా తదనంతరం ఎవరికీ రాసివ్వడం లేదు. ముఖ్యంగా నీకు, మేనకోడలా. "మీ మామయ్యకి చెప్పు" అని ఒకరు, "మీ నాన్నకి చెప్పు" అని ఒకరు మొదలుపెడతారు. హెడ్‌ఫోన్లు పెట్టేసుకో. ఈ ఉద్యోగం నాతోనే రద్దు.

వచ్చే బుధవారం నాకు గుండె ఆపరేషను. డాక్టరుగారు ధైర్యంగానే ఉన్నారు, నేను ఆయనంత ధైర్యంగా లేను. భయంగా ఉంది, దాచేదేముంది. కానీ ఆ రోజు గురించి ఆలోచిస్తే నాకు బల్ల మీద పడుకున్న నేను కనపడటం లేదు. బయట వరండాలో బెంచీ కనపడుతోంది. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. తలుపు తీసుకుని డాక్టరు వచ్చి ఏదో చెబుతారు. మంచో చెడో, అది విన్నాక ఇద్దరూ అలవాటు కొద్దీ నా కోసం చూస్తారు, నేను ఉండను. నన్ను నిద్రపోనివ్వనిది ఆ బెంచీ. మీరిద్దరూ నా మనుషులు. మీరు ఒకరికొకరు లేకుండా పోతే, నేను ఆపరేషనులో బతికినా నాకు ఏమీ మిగలదు.

9. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత వకీలమ్మగారిది. ఆవిడ ఒకప్పుడు నా బండిలో ఒక పాట పాడారు. దాన్ని ఎవరికీ వినిపించనని నేనిచ్చిన మాట నా వారసులకి కూడా వర్తిస్తుంది, ఆవిడ ఈ పని శ్రద్ధగా చేసినంత కాలం.

10. సాక్షులు. వీలునామాలో వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదని వకీలమ్మగారు చెప్పారు. ఆ మాట చెవిన పడగానే ఏడో అంశం తయారైంది. ఆస్తి రాసిస్తే మీరు చెరి సగం చేసుకుని చెరో మూలకీ పోతారు, ఆ తెలివి మీకుంది. అందుకని మీకు పంచుకోవడానికి వీల్లేనిది ఇస్తున్నాను. ఇద్దరూ మిక్సరు బల్ల దగ్గర, రెండు స్టూళ్ల మీద, ఎదురెదురుగా కూర్చోవాలి. నేను సంతకం పెట్టడం ఇద్దరూ చూడాలి. ఒకరు పెట్టడం ఇంకొకరు చూడాలి. మేనకోడలు ఈ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదువుతుంది, మధ్యలో ఎవరూ లేచి జనరేటరు చూసివస్తాననకూడదు. సంతకాల కింద కాస్త చోటు వదిలాను. ఏదైనా రాయాలనిపిస్తే రాయండి, నాకు మాత్రం రాయకండి.

ఇందులోని ప్రతి అంశమూ చదివించుకుని విని, ఎక్కడా ఏదీ కోయనక్కర్లేదని తృప్తిపడి సంతకం చేస్తున్నాను.

తేదీ: మార్చి పద్నాలుగు, గురువారం సాయంత్రం.
సంతకం చేసిన చోటు: ఇల్లుబండి, హ్యాండు బ్రేకు వేసి ఉండగా.

(సంతకం) సైలెన్సక్క

సాక్షి 1: భర్త, డ్రైవరు.
ఆవిడ సంతకం పెట్టడం చూశాను. చెవి సంగతి పూర్తిగా నిజం కాదు, కాస్త చెంప కూడా కనపడేది.

సాక్షి 2: తమ్ముడు, వడ్రంగి.
అక్క సంతకం పెట్టడం చూశాను. బావ సంతకం పెట్టడం కూడా చూశాను. బావా, బుధవారం ఆసుపత్రికి ఎన్నింటికి బయల్దేరదాం? నేనూ వస్తున్నాను.

(దాని కింద, మొదటి సాక్షి చేతిరాతలో)
ఆరింటికి. వెనక ఎక్కకు, నా పక్కన కూర్చో.